టీచరు దాకా రాని పాఠాలు: డిజిటల్ వనరులు, ఆరోగ్య సమానత్వం వెనకున్న చరిత్ర

2019 నాటికి ప్రపంచంలో నూటికి 43 బడుల్లో పిల్లలు చేతులు కడుక్కోవడానికి నీళ్లూ సబ్బూ రెండూ ఉన్న ఏర్పాటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తేల్చిన లెక్క ఇది. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే కరోనా వచ్చింది. చేతుల శుభ్రత మీద వీడియోలు, స్లైడ్లు, పోస్టర్లు టీచర్ల ఫోన్లలోకి కుప్పలుతెప్పలుగా వచ్చి పడ్డాయి. ‘ముందు కుళాయి తిప్పండి’ అని మొదలయ్యే పాఠాన్ని కుళాయే లేని బడిలో ఎలా చెప్పాలి? పాఠంలో తప్పేం లేదు. తయారుచేసినవాళ్ల ఊహలోకి ఆ బడి రాలేదు, అంతే.

ఈ చిక్కు కరోనాతో వచ్చింది కాదు, ఇంటర్నెట్‌తో వచ్చిందీ కాదు. 1970లో టిచెనర్, డొనహ్యూ, ఓలియన్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. సమాజంలోకి కొత్త సమాచారం ఎక్కువగా వస్తున్నకొద్దీ చదువూ స్తోమతా ఉన్నవాళ్లు దాన్ని త్వరగా అందుకుంటారని, దాంతో తేడా తగ్గకపోగా పెరిగే అవకాశం ఉందని వాళ్లన్నారు. 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆయన వేల్స్‌లో గని కార్మికులుండే ఊళ్లో పనిచేసిన డాక్టరు. మంచి వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువగా దొరుకుతుందన్నది ఆయన చెప్పిన మాట. ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఆ తర్వాతి యాభై ఏళ్లలో ఏం జరగబోతోందో అప్పుడే రాసిపెట్టినట్టు అనిపిస్తుంది.

ఆరోగ్యంలో సమానత్వం అనే ఆలోచన తర్వాతి ఏళ్లలో బలపడింది. 1978లో అప్పటి సోవియట్ నగరం ఆల్మా-అటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఆరోగ్యాన్ని అందరి హక్కుగా, ప్రాథమిక వైద్యాన్ని దానికి దారిగా ముందుకు తెచ్చింది. 1980లో బ్రిటన్‌లో డగ్లస్ బ్లాక్ అనే డాక్టరు అధ్యక్షతన వచ్చిన ‘బ్లాక్ నివేదిక’, ప్రభుత్వ వైద్యం ఉచితంగా అందుతున్న మూడు దశాబ్దాల తర్వాత కూడా పేదలకూ ధనికులకూ మధ్య ఆరోగ్యంలో అంతరం పోలేదని చూపింది. ఆ నివేదికను అప్పటి ప్రభుత్వం సెలవుల సమయం చూసి, 260 ప్రతులు మాత్రమే తీసి విడుదల చేసింది. 1990లో బ్రిటిష్ పరిశోధకురాలు మార్గరెట్ వైట్‌హెడ్ ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ వాడుకలో ఉంది: అనవసరమైనవి, నివారించగలిగినవి, పైగా అన్యాయమైనవి అయిన ఆరోగ్య వ్యత్యాసాలే అసమానతలు. మైకేల్ మార్మట్ నేతృత్వంలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2008లో ఇంకా సూటిగా చెప్పింది. మనిషి పుట్టి పెరిగే, పనిచేసే, వయసు మళ్లే పరిస్థితులే ఆరోగ్యాన్ని చాలావరకు నిర్ణయిస్తాయని. అలాంటప్పుడు, ‘ఇలా తినండి, ఇలా కడగండి’ అని పిల్లలకు చెప్పి ఊరుకునే పాఠం సగం పాఠమే. పరిస్థితిని పక్కనపెట్టి అలవాటు గురించే మాట్లాడితే, జబ్బుపడ్డ పిల్లాడిదే తప్పన్నట్టు తయారవుతుంది.

టీచర్ల చేతికి వచ్చిన ఆరోగ్య వనరుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కంప్యూటరుకు సంబంధం లేనిది. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం కోసం లండన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మోర్లీ, ఆయన సహచరులు ‘చైల్డ్ టు చైల్డ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. విరేచనాల వల్ల ఒంట్లో నీరు పోవడం గురించిన పాఠాన్ని అందులో సొరకాయ బుర్రతో చెప్పేవారు. ఎండిన బుర్రకు బిడ్డ ముఖం గీసి, అడుగున చిన్న చిల్లి పెట్టి బిరడా బిగిస్తారు. పైభాగం కోసి, అంచుదాకా నీళ్లు నింపి, మీద తడిగుడ్డ పరుస్తారు. బిరడా తీయగానే నీళ్లు కారిపోతాయి, పైనున్న గుడ్డ లోపలికి కుంగుతుంది. పసిబిడ్డకు మాడు లోతుకు పోవడమంటే ఏమిటో తరగతి మొత్తానికీ కళ్లముందే కనిపిస్తుంది. ఇంటికెళ్లి చెల్లిని చూసుకునే పదేళ్ల పిల్లకు ఆ గుర్తు చాలు. బుర్ర దొరకని చోట డబ్బాతో చేసుకోవచ్చు. పాఠాన్ని తన బడికి తగ్గట్టు మార్చుకునే వీలు టీచరుకు మొదటినుంచీ ఉంది.

డిజిటల్ వనరులు మొదట్లో పోగొట్టుకున్నది ఈ వీలునే. 1975–76లో మన దేశంలో జరిగిన ‘సైట్’ అనే ప్రయోగం ఉపగ్రహం ద్వారా 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపింది, ఆరోగ్యం కూడా వాటిలో ఉంది. అందుకోవడమే తప్ప, ఊళ్లో ఉన్న టీచరు అందులో ఒక్క మాట మార్చే దారి లేదు. 2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల సామగ్రిని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడతామని ప్రకటించింది. 2002లో యునెస్కో సమావేశంలో ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ (ఓఈఆర్), అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల బోధన సామగ్రి, అన్న పేరు పుట్టింది. తమ రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో రచయితలే ముందుగా అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఆ ఏడాది చివరికి వచ్చాయి. వాడుకోవడమే కాదు, మార్చుకునే హక్కు కూడా చట్టబద్ధంగా టీచరుకు దక్కింది. కాగితం మీద అది పెద్ద మలుపు. కానీ మార్చుకోవాలంటే తీరిక కావాలి, కరెంటు కావాలి, డేటా కావాలి. పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది, రిజిస్టర్లు నింపి ఇంటికొచ్చిన మనిషిని రాత్రి కూర్చుని వీడియోకు తన భాషలో మాటలు పెట్టుకోమనడం న్యాయం కాదు.

ఈ సంగతి గ్రహించినవాళ్లు లేకపోలేదు. 2005లో మొదలైన ‘టెస్సా’ అనే కార్యక్రమం ఆఫ్రికాలో టీచర్ల శిక్షణ కోసం ఓపెన్ పాఠాలను ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచ్, అరబిక్, కిస్వాహిలీ భాషల్లో తెచ్చింది. 2012లో వచ్చిన ‘కేఏ లైట్’ అనే సాఫ్ట్‌వేర్, ఉచిత వీడియో పాఠాలకు పేరున్న ఖాన్ అకాడమీ పాఠాలను ఇంటర్నెట్ లేకుండా నడిపించింది. 2019 నవంబరులో యునెస్కో ఓపెన్ వనరుల మీద అంతర్జాతీయ సిఫారసును ఆమోదించి, అందరినీ కలుపుకుపోయే నాణ్యమైన వనరులు కావాలని సభ్యదేశాలను కోరింది.

కొన్ని నెలల్లోనే బడులు మూతపడ్డాయి. ఒక దశలో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులపై ఆ ప్రభావం పడింది. 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదని 2020 డిసెంబరులో యునిసెఫ్, ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ) నివేదిక చెప్పింది. మధ్యాహ్న భోజనం, టీకాలు, కంటి పరీక్షలు బడిలోనే అందే పిల్లలకు ఆ మూత చదువుతో పాటు ఆరోగ్యానికీ దెబ్బే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునెస్కో కలిసి ‘ఆరోగ్యాన్ని పెంపొందించే బడుల’కు ప్రపంచ ప్రమాణాలు ప్రకటించడం వెనక ఈ అనుభవం కూడా ఉంది.

భాష మాట వేరే ఉంది. ‘ఓఈఆర్ కామన్స్’ అనే ప్రపంచ భాండాగారంలో 92 శాతం సామగ్రి ఇంగ్లిష్‌లోనే ఉందని 2023 యునెస్కో నివేదిక తేల్చింది. యంత్రాలు ఇప్పుడు క్షణాల్లో అనువదిస్తున్నాయి కదా అంటారు. మందు మోతాదు, విరేచనాలప్పుడు నీళ్లలో కలిపే ఉప్పూ పంచదారల కొలత ఉన్న పాఠంలో ఒక్క మాట తప్పితే ఆ నష్టం బిడ్డ ఒంటిమీద పడుతుంది. సరిచూసే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం ఇవ్వాలి. ఒక పాఠాన్ని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో లెక్క చెప్పడం తేలిక. ఏ బడుల్లో అది ఒక్కసారి కూడా తెరుచుకోలేదో, ఎందుకు తెరుచుకోలేదో అక్కడి టీచర్లను అడిగి రాసుకోవడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చుకు ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదటి రోజే చోటివ్వాలి.