గుంతలు తీసి ఉంచండి, నేను వస్తున్నా

చి. మనవడికి, మనవరాలికి,

తాత ఆశీస్సులు. మీరు ఫోన్‌లో పంపిన బొమ్మ చూశాను. కావలి కొత్తింటి ముందు మిగిలిన ఎనిమిది అంకణాల జాగాలో మధ్యన లాన్, ప్రహరీ పొడవునా కోనోకార్పస్ చెట్లు. స్కేలు పెట్టి కొలతలు కూడా వేశారు, చాలా ముచ్చటేసింది. కానీ నాన్నా, ఆ బొమ్మలో మీ బోరు నీళ్ళ సంగతి లేదు.

పోయిన వేసవిలో వచ్చినప్పుడు చూశాను. మీ స్నానాల బకెట్ లోపల తెల్లటి పొర, గోటితో గీకితే పెచ్చులా లేచింది. సముద్రం దగ్గర కదా, నీళ్ళు ఉప్పగానే ఉంటాయి. లాన్‌కి ఎండాకాలం రోజూ తడి పెట్టాలి. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. కొన్నాళ్ళకు గడ్డి కొసలు మాడతాయి. పచ్చగా ఉండాలంటే గరిక చాలు. వేసవిలో ఎండినట్టు కనిపించినా ఒక వానకి మళ్ళీ లేస్తుంది. వినాయక చవితికి కొనే పని కూడా ఉండదు.

ఇంకొకటి, వాన లెక్క. జూన్‌లో రుతుపవనాలు వచ్చేశాయని టీవీలో చెప్తారు. మన నెల్లూరు వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్యం నుంచి వస్తాయి. తరవాత చాలా నెలలు చెట్టు తన వేరు మీద తాను బతకాలి. ఆ లెక్క తెలిసిన చెట్లు మనకున్నాయి. తుమ్మలపెంట, జువ్వలదిన్నె అని మీ పక్క ఊళ్ళ పేర్లు రోజూ అంటూనే ఉంటారు, ఆ పేర్లలో తుమ్మ, జువ్వి చెట్లు ఉన్నాయని ఎప్పుడైనా గమనించారా?

మీకు పడమటి ఎండ ఎక్కువ. అటువైపు గోడకు పన్నెండడుగుల దూరంలో ఒక కానుగ పెట్టండి. ఉప్పు నేలకూ ఓర్చుకుంటుంది, ఎండలు ముదిరేలోపు పాత ఆకు రాల్చి లేత ఆకు తొడుగుతుంది. ఆ రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టకండి. పాదులో కప్పితే తడి ఆరదు. కోనోకార్పస్ తొందరగా ఎదుగుతుంది, నిజమే. దాని వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీలోకి దూరతాయి. పైగా ఆఫ్రికా, అరేబియా వైపు మొక్క. దాని బదులు ప్రహరీ వెంట తంగేడు వేయండి. రోడ్డు పక్కనుంచి పెకలించి తెస్తే బతకడం కష్టం, గింజలే నాటాలి.

బయటి నుంచి వచ్చిందల్లా చెడ్డదని నేననను. జామ, మిరప దూరదేశాలవే, మన చింత కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే. కానీ సర్కారు తుమ్మను చూడండి. 1877 ప్రాంతంలో కడప వైపు నాటారు, ఇవాళ మన చెరువు కట్టలన్నీ అదే ఆక్రమించింది. నాటేముందు ఇది రేపు ఎక్కడిదాకా పోతుందని ఒకసారి ఆలోచించుకోవాలి.

కరివేపాకు మాత్రం తప్పకుండా ఉండాలి, కూర కోసమే కాదు. చాలా ఏళ్ళ కిందట మా పెరట్లో చెట్టుకి పురుగు పట్టిందని మందు కొట్టాను. ఆ పురుగులు మొదట్లో పిట్ట రెట్టలా నలుపూ తెలుపూగా ఉంటాయి, పెద్దయ్యాక ఆకు రంగులోకి మారతాయి. పుల్లతో తాకితే తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసి ఘాటు వాసన కొడతాయి. అవి సీతాకోకచిలుక పిల్లలని నాకప్పుడు తెలియదు. ఆ ఏడు పెరట్లో ఒక్క సీతాకోకచిలుక కూడా ఎగరలేదు. నాకు ఇప్పటికీ బాధే. ఆ పురుగులు నిమ్మ, మారేడు ఆకులు కూడా తింటాయి. మీ చెట్టుకి పడితే కొమ్మకో రెండు వదిలేసి రోజూ చూడండి. తంగేడు మీద పసుపు, లేతాకుపచ్చ రెక్కలవి వేరే రకం వస్తాయి.

గన్నేరు వద్దు, ఆ మొక్క విషం. పక్కింటి చంటిది ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది.

సెప్టెంబరు చివర్లో హస్త కార్తె వచ్చేలోపు రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంతలు తీసి ఎండకి వదిలేయండి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయండి, కలపొద్దు. చివికిన పశువుల ఎరువు బస్తాడు తెచ్చి ఉంచమని మీ నాన్నకి చెప్పండి. కానుగ మొక్క, మన కరివేపాకు చెట్టు పిలక రెండు, ఒక పొట్లం తంగేడు గింజలు నేను తెస్తా.

మీ తాత