ఆచంద్రతారార్కం అంటే ఎంతకాలం?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరడిగిన మాట గురించే ఈ ఉత్తరం. పాఠంలో "అతని కీర్తి ఆచంద్రతారార్కం నిలుస్తుంది" అని చదువుతుంటే నాలుక మడతపడిందన్నారు కదా. విడదీసి పలకండి: ఆ, చంద్ర, తారా, అర్క. అర్కుడంటే సూర్యుడు. తారా పక్కన అర్క చేరి సవర్ణదీర్ఘ సంధితో తారార్క అయింది. ముందున్న 'ఆ'కి 'అంతవరకు' అని అర్థం. ఆపాదమస్తకం, ఆబాలగోపాలం అన్న మాటల్లో ఉన్నదీ ఈ 'ఆ'యే. కాబట్టి చంద్రుడు, చుక్కలు, సూర్యుడు ఉన్నంతకాలం అన్నమాట.

ఈ మాట పుస్తకాల్లో కంటే ముందు రాళ్ల మీద, రాగిరేకుల మీద బతికింది. రాజు ఒకరికి భూమి దానమిచ్చాడనుకోండి. ఎన్నేళ్లకని రాయాలి? వందేళ్లని రాస్తే నూటొకటో ఏడు తగువే. అందుకే 'ఆచంద్రార్క స్థాయిగా' ఇచ్చామని చెక్కించేవారు. చాలా శాసనాల పైభాగంలో సూర్యుడు, నెలవంక బొమ్మలుంటాయి. అక్షరం రానివాళ్లు కూడా ఆ రెంటినీ చూసి సంగతి గ్రహించవచ్చు.

శాసనం చివర తరచుగా ఒక శాపం కూడా ఉంటుంది. తానిచ్చిందైనా, ఇంకొకరిచ్చిందైనా, దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు 60,000 ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. చూశారా, శాపానికి లెక్క ఉంది, దానానికి లెక్క లేదు. ఆ శాసనాలు రాసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగేది ఇక్కడే.

మరి ఆకాశంలోవి నిజంగా అంత స్థిరమైనవా అంటే, కాదు. నన్నయ రచించిన నందంపూడి శాసనం 1053 నాటిదని చెబుతారు. ఆ మరుసటి ఏడే, 1054లో, ఒక నక్షత్రం పేలిన వెలుగు భూమికి చేరింది. చైనా ఖగోళ పరిశీలకులు దాన్ని పట్టపగలు కూడా చూసి రాసిపెట్టారు. రెండేళ్లలోపే అది కంటికి కనబడకుండా పోయింది. దాని శిథిలాలను ఇప్పుడు క్రాబ్ నెబ్యులా అంటున్నాం. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి ఏలుబడి నడుస్తున్న రోజులవి. అంటే 'తార' శాశ్వతమని మనవాళ్లు నమ్మిన కాలంలోనే ఒక తార చనిపోతూ కనబడిందన్నమాట. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజు నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

చంద్రుడు కూడా ఏటా దాదాపు 3.8 సెంటీమీటర్లు మనకు దూరం జరుగుతున్నాడు. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజర్ పంపిస్తే, ఆ వెలుగు రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది. అలా కొలిచి తెలుసుకున్నారు. సూర్యుడికి ఇప్పుడు 460 కోట్ల ఏళ్లు, ఇంకో 500 కోట్ల ఏళ్ల ఆయుష్షు ఉంది.

అలాగని ఆ మాటే తప్పు అనకండి. రాగిరేకు చేయించిన రాజుకు 500 కోట్ల ఏళ్లంటే ఎంతో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. రోజూ నెత్తిమీద కనబడేవాటిని సాక్షులుగా పిలిచాడు, అంతే. అవి ఉన్నంతకాలం నా మాట ఉంటుందన్నాడు.

ఇవాళ ఉపన్యాసాల్లో ఈ మాటను ప్రతిదానికీ తగిలిస్తున్నారు. అది నాకు నచ్చదు. మీరు వ్యాసంలో వాడాలనుకుంటే, ఇచ్చిన మాటకో, చేసిన మేలుకో వాడండి. "ఆచంద్రతారార్కంగా నిలిచే కీర్తి" అనవచ్చు, "ఆచంద్రతారార్కమైన కీర్తి" అన్నా సరే. క్రికెట్ స్కోరుకు మాత్రం వద్దు.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు తడబడకుండా మూడుసార్లు పలికి వినిపించండి.

మీ తాతయ్య