పరంజా భద్రత: అపోహలు – వాస్తవాలు

అపోహ: పైపు మందంగా ఉంటే పరంజా కదలదు.

వాస్తవం: 48.3 మి.మీ. పైపును ఎంత దూరానికోసారి పట్టి ఉంచామన్నదే అసలు సంగతి. సన్నటి నిలువు పైపుకు పట్టు లేని పొడవు రెట్టింపైతే, వంగకుండా అది మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. పరంజాను గోడకు పట్టి ఉంచే టై (అడ్డ బిగింపు) ఒకటి ఊడదీస్తే జరిగేది ఇదే. ప్లాస్టరింగుకు అడ్డొస్తోందని టై విప్పేయడం మాకు అన్నిటికన్నా భయం పుట్టించే అలవాటు. పక్కన ఇంకోటి బిగించాకే పాతది విప్పాలి. మామూలుగా నిలువునా 4 మీటర్లకు, అడ్డంగా 6 మీటర్లకు మించకుండా టైలు పడాలి. డిజైన్ ఇంకా దగ్గరగా వేయమంటే అలాగే వేయాలి. బైండింగ్ వైరు టై కింద లెక్క కాదు. పరంజా బయటికి వాలితే లాగి పట్టుకుంటుందేమో గానీ, గాలి గోడవైపు తోస్తే ఆపలేదు. కిటికీ ఊచలకు, నీటి గొట్టాలకు కట్టడం అసలే వద్దు.

అపోహ: గ్రీన్ నెట్ కడితే మరింత భద్రం.

వాస్తవం: కిందకు రాలే ముక్కలను నెట్ ఆపుతుంది, నిజమే. కానీ తెరచాపలా గాలిని కూడా పడుతుంది. నెట్ లేకుండా లెక్కేసిన టైలు అప్పుడు చాలవు. ముందు టైలు పెంచి, ఆ తర్వాతే నెట్ కట్టాలి.

అపోహ: మనుషులు నిలబడితే ఆగింది, ఇటుకలకూ ఆగుతుంది.

వాస్తవం: నిలువు పైపుల మధ్య 2 మీటర్ల పొడవు, 0.9 మీటర్ల వెడల్పున్న ఒక అర (మనుషులు నిలబడే భాగం) తీసుకోండి. చదరపు మీటరుకు 200 కిలోలకు కట్టినదైతే మొత్తం 360 కిలోలు మోస్తుంది. 3 కిలోల ఇటుకలు 100 పేరిస్తే 300 కిలోలు. మేస్త్రి, హెల్పర్ ఎక్కితే మరో 140. మాలు తట్ట ఇంకా పైకి రాకముందే పరిమితి దాటిపోయింది! ఇటుకలు కొద్దికొద్దిగా ఎక్కించాలి, నిలువు పైపులకు దగ్గరగా పేర్చాలి.

అపోహ: నేల గట్టిగానే ఉంది, నిలువు పైపు కింద బేస్ ప్లేటు (ఇనుప పలక) అక్కర్లేదు.

వాస్తవం: వాన పడితే అదే నేల మెత్తబడుతుంది. 150 మి.మీ. చదరపు ప్లేటు, దాని కింద వెడల్పాటి చెక్క తప్పనిసరి. ఇటుక ముక్కలు పెడితే పగిలి జారతాయి. ఎత్తుపల్లాలను స్క్రూ జాక్‌తో సరిచేయాలి.

అపోహ: బెల్టు ఉంటే రెయిలింగ్ లేకున్నా ఫర్వాలేదు.

వాస్తవం: పడితే బెల్టు పట్టడానికి ఎంత ఖాళీ కావాలో లెక్కేయండి: 1.8 మీటర్ల తాడు, కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగితే ఇంకో 1.75, వీపు కొక్కెం నుంచి పాదాల దాకా 1.5, మిగులు 1 మీటరు. అన్నీ కలిపితే, తాడు తగిలించిన చోటు కింద సుమారు 6 మీటర్ల ఖాళీ కావాలి. మొదటి అంతస్తు ఎత్తులో బెల్టు పట్టేలోపే మనిషి నేలను తాకుతాడు. అక్కడ కాపాడేది సుమారు మీటరు ఎత్తు రెయిలింగ్, మధ్య పైపు, 150 మి.మీ. అంచు చెక్క.

అపోహ: మొదట్లో ఒకసారి చూస్తే చాలు.

వాస్తవం: వాడే ముందు, 7 రోజులకోసారి, గాలివాన వచ్చాక, ఏ మార్పు చేశాకైనా తెలిసినవారు మళ్లీ చూడాలి. ముఖ్యంగా పైపులను కలిపే క్లాంపుల బోల్టులు. వాటికి సుమారు 50 న్యూటన్ మీటర్ల బిగింపు ఉండాలి. నిలబడే చెక్క పలక కొస, దాన్ని మోసే అడ్డ పైపు దాటి 150 మి.మీ. కన్నా తక్కువ వచ్చినా, 300 దాటినా సరిచేసే వరకు ఎవరినీ ఎక్కనివ్వొద్దు.