తాళం ఒకరి మెడలో, తాళంచెవి ఇంకొకరి దగ్గర

ఇద్దరు వయోజనులు ఇష్టపడి, ఒకరు మాస్టర్‌గా, ఒకరు స్లేవ్‌గా బతుకుతున్నారని వింటే మనకు ముందు భయమో అసహ్యమో కలుగుతుంది. వెట్టిచాకిరి చేసిన తాతల కథలు విని పెరిగిన తెలంగాణ ఇళ్లలోనైతే బానిస అనే మాటకే ఒళ్లు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే. అయితే ఈ బంధంలో అధికారాన్ని ఒకరు మనసారా అప్పగిస్తారు, కావాలంటే వెనక్కి తీసుకుంటారు. పుచ్చుకున్నవాళ్లు ఆ మనిషి మంచిచెడ్డలకు పూచీ పడాలి. ఈ పూచీ అన్న సంగతి మెల్లమెల్లగా, చాలా దెబ్బలు తిన్నాక స్థిరపడింది.

లండన్ వీధిలో 1854లో ఆర్థర్ మన్‌బీ అనే చదువుకున్న యువకుడు హన్నా కల్విక్ అనే పనిమనిషిని కలిశాడు. ఆమెకు అప్పుడు 21 ఏళ్లు. వాళ్ల పరిచయం ఆమె చనిపోయేదాకా, అంటే 1909 వరకు సాగింది. ఆమె అతన్ని 'మాసా', అంటే యజమాని, అని పిలిచేది. మెడలో తాళం వేసిన గొలుసు ఉండేది, దాని చెవి అతని దగ్గర ఉండేది. అతను అడిగాడని తన రోజువారీ చాకిరీ అంతా డైరీల్లో రాసింది. 1873లో రహస్యంగా పెళ్లి చేసుకున్నారు. ఆమె అతని ఇంట్లోనే ఉన్నా, వచ్చిపోయేవాళ్లకు పనిమనిషిగానే కనిపించేది. దొరసానిలా ఉండమంటే ఆమెకు నచ్చేది కాదు, ఒంటిచేత్తో సంపాదించుకునే మనిషినన్న గర్వం ఆమెది. కొన్నేళ్లకు విడిగా ఉండటం మొదలైంది. అయినా అతను ఆమె ఊరికి వెళ్లి చూసి వస్తూనే ఉన్నాడు. ఆ డైరీలు ఇప్పుడు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి. వాళ్ల మధ్య వర్గ భేదం చాలా పెద్దది, దాన్ని పక్కనపెట్టి ఇదొక ముచ్చటైన ప్రేమకథ అనలేను. కానీ హన్నా నోరులేని మనిషి కాదని ఆమె రాతే చెబుతోంది.

అదే కాలంలో, 1869లో, ఆస్ట్రియా రచయిత సాహెర్ మాసోక్ ఫానీ పిస్టర్ అనే ఆమెకు ఆరు నెలలు దాసుడిగా ఉంటానని ఒప్పందం రాసిచ్చాడు. అందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది: రోజుకు ఆరు గంటలు అతని రాతపనికి వదలాలి, అతని ఉత్తరాలు ఆమె చూడకూడదు. దాస్యానికి కూడా గడువు, హద్దు రాసుకున్నారన్నమాట. తర్వాత క్రాఫ్ట్ ఎబింగ్ అనే వైద్యుడు నొప్పిలో, లొంగిపోవడంలో సుఖం వెతుక్కోవడానికి అతని పేరుమీదే 'మాసోకిజం' అనే జబ్బు పేరు పెట్టాడు. ఆ ముద్ర వందేళ్లకు పైగా చెరగలేదు.

ఇప్పుడున్న పద్ధతులు ఎక్కువగా అమెరికాలో తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గే పురుషుల మోటార్‌సైకిల్ క్లబ్బుల చుట్టూ, తోలు దుస్తులు గుర్తుగా ఇలాంటి బంధాలు ఇష్టపడేవాళ్ల 'లెదర్' సమాజం పెరిగింది. లాస్ ఏంజెలెస్‌లో సాటైర్స్ క్లబ్ 1954లో మొదలైంది. 1983లో న్యూయార్క్ బృందం ఒకటి 'సురక్షితంగా, వివేకంగా, సమ్మతితో' అనే మూడు మాటలను ముందుకు తెచ్చింది. అప్పటికే ఎయిడ్స్ వాళ్ల గడపలోకి వచ్చేసింది. పడకకు అంటుకుపోయిన స్లేవ్‌కు మాస్టర్, మాస్టర్‌కు స్లేవ్ సేవ చేసిన రోజులవి. చట్టం దృష్టిలో ఒకరికొకరు ఏమీ కారు కాబట్టి ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సి వచ్చేది. త్యాగం స్లేవ్ ఒక్కరి వంతు కాదని చాలామందికి అప్పుడే తెలిసొచ్చింది.

ఇంగ్లండ్‌లో ఇంకో దెబ్బ తగిలింది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా, అందరూ ఒప్పుకునే ఒకరినొకరు నొప్పించుకున్న పనులకు 16 మంది పురుషులకు 1990లో శిక్షలు పడ్డాయి. గాయం చేస్తే సమ్మతి ఉందన్న వాదన చెల్లదని 1993లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 తేడాతో తేల్చింది. వైద్యరంగం మాత్రం మెత్తబడింది. ఇద్దరి సమ్మతితో సాగే ఇలాంటి ఇష్టాలు వాటంతట అవే మానసిక రోగం కావని అమెరికా మనోవైద్యులు మానసిక రోగాల్ని వర్గీకరించే గ్రంథం 2013 కూర్పులో ఒప్పుకుంది.

'స్లేవ్' అన్న మాట మీద మాత్రం వాదన ఆగలేదు. పూర్వీకులను నిజంగానే అమ్మిన చరిత్ర ఉన్న నల్లజాతివాళ్లలో కొందరు దాన్ని దగ్గరికి రానివ్వరు, కొందరు తెలిసే తమదిగా చేసుకుంటారు. ఆ నిర్ణయం వాళ్లది.

బానిసత్వాన్ని అమెరికా 1865లోనే రాజ్యాంగ సవరణతో రద్దు చేసింది కాబట్టి ఈ జంటలు రాసుకునే ఒప్పందం ఏ కోర్టులోనూ నిలవదు. అది మాట మీద నడిచేదే. అందుకే ఆలోచన ఉన్న జంటలు దాంతోపాటు మామూలు కాగితాలు కూడా రాయించుకుంటారు: వీలునామా, వైద్య నిర్ణయాలకు అధికార పత్రం, స్లేవ్ సొంత పేరుమీద బ్యాంకు ఖాతా. రేపు బంధం తెగినా, మాస్టర్ ముందే చనిపోయినా ఆ మనిషి వీధిన పడకుండా చూడటం కూడా మాస్టర్ పనే.