నొప్పి పుడితేనే సాధనా? గాత్రంలో బిగింపు గురించి అపోహలు - వాస్తవాలు

"సాధనయ్యాక గొంతు నొప్పిగా ఉంటోంది టీచర్. అంటే బాగా చేస్తున్నట్టేనా?" ఈ వారం ఇంకో అమ్మాయి అడిగింది. కర్ణాటక సంగీతంలో వర్ణం (సాధనకి పాడే ఒక రచన) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, శుభ్రంగా పాడే పిల్ల. తారషడ్జమం (పై స్థాయి 'స') వచ్చేసరికి గడ్డం పైకి లేస్తుంది, మెడ మీద నరాలు తేలతాయి.

అపోహ: గొంతు నొప్పి పుడితేనే సాన పడుతుంది. గట్టిగా బిగిస్తేనే పై స్థాయి అందుతుంది.

వాస్తవం: ఇంత నష్టం చేసిన మాట మా విద్యలో ఇంకోటి లేదు. 5 శ్రుతిలో (పాశ్చాత్య G స్వరాన్ని 'స'గా పెట్టుకుని) పాడే అమ్మాయి స్వరతంతువులు మధ్యషడ్జమంలో (మధ్యస్థాయి 'స') సెకనుకు సుమారు 196 సార్లు కంపిస్తాయి, తారషడ్జమంలో 392 సార్లు. అందుకు అవి సాగి పలచబడాలి. సాగదీసే పని స్వరపేటికలోని చిన్న కండరాలది. మనం బిగించేది మాత్రం గడ్డం కింద, నాలుక మొదట్లో ఉండే కండరాలని. అవి గుటక వేయడానికి ఉన్నవి. అవి బిగిస్తే స్వరపేటిక పైకి లేచిపోతుంది, దారి ఇరుకై స్వరం పీలగా వస్తుంది. అది చాలక ఊపిరి ఇంకా తోస్తాం. తంతువులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. రోజూ ఇదే జరిగితే వాపు, ఆపైన బొడిపెలు.

ఇరవై ఏళ్ళప్పుడు నాకు తార గాంధారం (పై స్థాయి 'గ') అందేది కాదు. తెల్లవారుజామున లేచి గంటన్నర అకారం ('ఆ' అంటూ స్వరాలు) పట్టేదాన్ని. "ఇంకా గట్టిగా" అనే చెప్పారు నాకు. ఎనిమిది నెలలకి మధ్యస్థాయి పంచమం ('ప') కూడా గరగరలాడింది. మూడు నెలలు పాట మానేశాను. ఇక పాడలేనేమో అని ఆ రోజుల్లో పడ్డ భయం ఇంకా గుర్తుంది. అందుకే నొప్పి మంచిదేనని ఎవరైనా అంటే నాకు కోపమొస్తుంది.

"రిలాక్స్ అవ్వు" అంటే ఎవరూ అవరు, ఇంకా బిగుసుకుంటారు. బిగింపు ఎక్కడ మొదలవుతోందో ముందు తెలియాలి. గడ్డం ఎముక వెనక మెత్తటి చోట బొటనవేలు ఆనించి గుటక వేయండి. వేలిని కిందికి నెట్టే కండ తెలుస్తుంది. ఇప్పుడు అకారంలో మధ్యషడ్జమం నుంచి మెల్లగా ఎక్కండి. ఆ కండ ఏ స్వరం దగ్గర వేలిని నెడితే అక్కడ ఆగండి. ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ తారషడ్జమంతోనే తంటా అనుకుంది. వేలికి తగిలింది పంచమం దగ్గరే. పై షడ్జమం వస్తోందన్న టెన్షన్‌తో గొంతు మూడు మెట్ల ముందే బిగుసుకుపోతోంది.

తెలిశాక రెండు స్వరాలు కిందికి దిగి, పెదవులు మూసి, పళ్ళు ఎడంగా ఉంచి మకారంలో ('మ్' అంటూ) పాడండి. లేదా సన్నని స్ట్రాలోకి స్వరం వదలండి. కండ మెత్తగా ఉండగానే ఒక్క స్వరం ఎక్కండి. గట్టిపడితే దిగండి. పావుగంట చాలు.

వదులుగా పాడితే నాదం పోతుందని కొందరి భయం. వదులంటే నీరసం కాదు. పొట్ట, పక్కటెముకలు పని చేస్తూనే ఉంటాయి. తంబురాలో తీగ బిగిసే ఉంటుంది కదా, బుర్ర మీద చెయ్యి అదిమితేనే నాదం పోయేది.

తేనె, వేడినీళ్ళు స్వరతంతువులని తాకవు, అన్నవాహికలోకి పోతాయి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకోవడమూ తప్పే, అసలు మాట్లాడకపోవడమే విశ్రాంతి.

బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి. బొడిపెలన్నారని కంగారు పడకండి, ఆపరేషన్ లేకుండా వాయిస్ థెరపీతోనే చాలామందికి తగ్గుతాయి.

ఆ అమ్మాయికి ప్రస్తుతం తారషడ్జమం వద్దన్నాను. వేలు గడ్డం కింద పెట్టుకుని, పంచమం దాటకుండా జంట స్వరాలు (సస రిరి గగ అంటూ) పాడుతోంది. నిన్న మొదటిసారి పంచమం దాకా ఆ కండ కదల్లేదు.