లీవోడోపా మాత్రంటే భయం ఎక్కడ మొదలైంది?

చెన్నై సెంట్రల్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికైనా, ఊళ్లోని ప్రైవేటు న్యూరాలజిస్టుల దగ్గరికైనా నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి తెలుగువాళ్లు వస్తూనే ఉంటారు. పార్కిన్సన్స్ (చేతులు వణికి, కదలికలు మందగించే మెదడు జబ్బు) అని తేలి, లీవోడోపా రాసిన చీటీ చేతికొచ్చాక చాలా ఇళ్లలో ఒకటే టెన్షన్. "ఈ మాత్ర ఐదేళ్లే పనిచేస్తుందట. ఇప్పుడే మొదలుపెడితే రేపు నాన్నకి ఇంకేం మందు ఉంటుంది?" అంటారు. మాత్రలు అలమరలోకి వెళ్తాయి. నాట్టు మరుందు కడైలో, అంటే నాటు మందుల కొట్లో, కొన్న పూనైక్కాలి పొడి, అంటే మన దూలగొండి, పాలలో కలుస్తుంది.

తమాషా ఏమిటంటే ఆ పొడిలో పనిచేసేదీ లీవోడోపాయే. దూలగొండిలో అది ఉందని తేల్చింది కూడా మద్రాసులోనే.

లీవోడోపాను గింజల నుంచి మొదట వేరుచేసింది 1913లో, స్విట్జర్లాండులో. రోష్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త మార్కస్ గుగ్గెన్‌హైమ్ ఒక రకం పెద్ద చిక్కుడు గింజల నుంచి దాన్ని తీసి, రెండున్నర గ్రాములు తానే మింగి వాంతులు చేసుకున్నాడు. జంతువుల్లో పెద్ద ప్రభావం కనిపించకపోవడంతో ఆ సంగతి మూలనపడింది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అదే పదార్థాన్ని దూలగొండి గింజల నుంచి వేరుచేసి ప్రచురించారు. అది ఏ జబ్బుకు పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయుర్వేదంలో కంపవాతం ప్రస్తావన ఉంది, దూలగొండి వాడకమూ ఉంది. అంతమాత్రాన 'మన ఋషులు డోపమైన్‌ని (కదలికలను నడిపించే మెదడు రసాయనం) ఏనాడో కనిపెట్టారు' అనే వాట్సాప్ మెసేజ్ నిజమైపోదు.

మెదడులో డోపమైన్ పనేమిటో తెలియడానికి మరో మన మొక్క అక్కరకొచ్చింది. సర్పగంధ వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే మందు తీశారు. అది మెదడులోని డోపమైన్‌ని ఖాళీ చేస్తుంది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రిసర్పిన్ ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. లీవోడోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. ఈ పరిశోధనలకే కార్ల్‌సన్ 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఏరింగర్ కలిసి, పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో డోపమైన్ బాగా పడిపోయిందని చూపించారు. మరుసటి ఏడాది హార్నికీవిచ్, బిర్క్‌మయర్ రోగులకు లీవోడోపాను నరంలోకి ఎక్కిస్తే, మంచం దిగలేనివాళ్లు లేచి నడిచారు. ఆ హుషారు కొన్ని గంటలే నిలిచింది.

నేరుగా డోపమైన్‌నే ఇవ్వొచ్చుగా అంటే, రక్తం నుంచి మెదడులోకి దానికి ప్రవేశం లేదు. లీవోడోపా వెళ్లగలదు, వెళ్లాక డోపమైన్‌గా మారుతుంది. చిక్కల్లా, చాలా భాగం దారిలోనే మారిపోయి కడుపులో తిప్పుతుంది, బీపీ పడగొడుతుంది. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ కొద్దికొద్దిగా మొదలుపెట్టి మోతాదును వారాల తరబడి పెంచుతూ, నోటి ద్వారానే పనిచేయించి చూపాడు. అయితే రోజుకు గ్రాములకు గ్రాములు మింగాల్సి వచ్చేది. 1970లలో కార్బిడోపా తోడైంది. అది తాను మెదడులోకి వెళ్లదు, లీవోడోపా దారిలో మారిపోకుండా ఆపుతుంది. కొన్ని స్ట్రిప్పుల మీద కనిపించే 110 అనే అంకె ఈ రెండింటి మొత్తం: లీవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10.

ఇక ఆ 'ఐదేళ్ల' మాట. అది పూర్తిగా పుకారు కాదు. మొదటి కొన్నేళ్లు సాఫీగా గడిచాక చాలామందిలో మాత్ర ప్రభావం తర్వాతి మోతాదు దాకా ఆగదు. కొందరికి ఒళ్లు తనంతట తానే మెలికలు తిరుగుతుంది. దానికితోడు, గాజు పాత్రలో పెంచిన నరకణాలను లీవోడోపా చంపుతోందన్న ప్రయోగాలు వచ్చాయి. దాంతో డాక్టర్లే 'వీలైనంత వాయిదా వేద్దాం' అనే కాలం ఒకటి నడిచింది. ముఖ్యంగా వయసు తక్కువ ఉన్నవాళ్లకు బదులుగా, డోపమైన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు రాసేవారు. వాటితో కొందరికి జూదం, విపరీతంగా కొనేయడం లాంటి పిచ్చి పట్టుకుంటుందని తర్వాత గానీ అర్థం కాలేదు.

భయాన్ని నిజంగా పరీక్షకు పెట్టింది ఘనా దేశపు పరిస్థితి. అక్కడ మందు దొరక్క చాలామంది ఏళ్ల తరబడి ఆలస్యంగా లీవోడోపా మొదలుపెట్టారు. వాళ్లను ఇటలీ రోగులతో పోల్చిన అధ్యయనం 2014లో వచ్చింది. మెలికలు, హెచ్చుతగ్గులు రెండుచోట్లా జబ్బు మొదలై దాదాపు అంతే కాలం గడిచాక కనిపించాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు అవి మాత్ర వేసుకున్న కొద్ది నెలల్లోనే వచ్చేశాయి. అంటే లెక్క నడిచేది జబ్బు వయసును బట్టి, మాత్ర వయసును బట్టి కాదు. మోతాదు మరీ ఎక్కువైతే మెలికలు పెరుగుతాయన్నది వేరే సంగతి. 2019లో నెదర్లాండ్స్‌లో 445 మంది మీద చేసిన అధ్యయనంలో కూడా, వెంటనే మొదలుపెట్టినవాళ్లకూ 40 వారాలు ఆగినవాళ్లకూ 80 వారాల చివర జబ్బు తీవ్రతలో తేడా కనబడలేదు. మందు అరిగిపోదు. డోపమైన్‌ని దాచుకునే నరకణాలు తగ్గిపోతాయి కాబట్టి, రక్తంలో గంటన్నరకే సగమయ్యే మందు హెచ్చుతగ్గులన్నీ కదలికలో బయటపడతాయి. నా మట్టుకు, నడవగలిగే రెండేళ్లను అలమరలో దాచిపెట్టడం కంటే పెద్ద నష్టం లేదనిపిస్తుంది.

పొడి పనిచేయదని కాదు. 2004లో లండన్‌లో 8 మంది మీద చేసిన చిన్న పరీక్షలో 30 గ్రాముల దూలగొండి మందు, మామూలు మాత్ర కంటే త్వరగా పనిచేసింది. కానీ ఆ 30 గ్రాముల్లో లీవోడోపా సుమారు 1000 మిల్లీగ్రాములు, మాత్రల్లో ఉన్నది 200. పొడిలో కార్బిడోపా లేదు కనుక అంత కావాల్సి వచ్చింది. కడైలో పొట్లం కట్టిచ్చే పొడిలో ఎంతుందో చెప్పే లేబుల్ ఉండదు, గింజను బట్టి మారుతుంది. మాత్రా పొడీ రెండూ వేసుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. మాత్రలోని కార్బిడోపా పొడిలోని లీవోడోపాను కూడా కాపాడుతుంది, కాబట్టి మెదడుకు చేరే మోతాదు అనుకున్నదాని కంటే బాగా పెరుగుతుంది. డాక్టరుకు పొడి సంగతి చెప్పకపోతే, కొత్తగా వచ్చిన మెలికలు చూసి ఆయన మాత్ర తగ్గిస్తాడు, ఇంట్లో పొడి మాత్రం నడుస్తూనే ఉంటుంది.