ఒకే కాలువ, ఎవరి తూము వారిది

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాళ్ళకు,

బుచ్చిరెడ్డిపాలెం నుంచి మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. పోయిన సెలవులకు వచ్చినప్పుడు, మన వీధి మలుపులో కరెంటు స్తంభానికి చుట్టచుట్టి కట్టిన నల్ల తీగ ఏమిటని మీరు అడిగితే, ఇంటర్నెట్టు తీగ అని ఒక్క మాటతో సరిపెట్టాను. ముప్పై ఏళ్ళు రెవెన్యూ కార్యాలయాల్లో కాగితాల మధ్య గడిపినవాణ్ణి అంత పొడిగా జవాబు చెప్పి ఉండకూడదని తరువాత అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో, భర్త పోయిన ఒక పెద్దావిడ పింఛను కోసం వచ్చేది. మరణం నమోదైన రిజిస్టరు పంచాయతీలో ఉంది, ఆవిడ దరఖాస్తు మా దగ్గర ఉంది, డబ్బు ఇవ్వవలసిన ఖజానా కార్యాలయం ఎదురు రోడ్డులో ఉంది. మూడింటినీ కలిపి చూస్తే అర ఫర్లాంగు దూరం ఉండదు. అయినా ఆవిడ కాగితం తపాలు సంచిలో ఎక్కి, ఇన్‌వార్డు పుస్తకంలో నంబరు వేయించుకుని, ఒక చోట "సుబ్బమ్మ" అనీ ఇంకొక చోట "వెంకట సుబ్బమ్మ" అనీ ఉన్నందుకు వెనక్కి వచ్చేది. ఆ అభ్యంతరాన్ని నా చేత్తోనే వ్రాశాను. నిబంధన ప్రకారం అది సరైనదే, కానీ ఆవిడ కొంగు ముడిలోంచి బస్సు టిక్కెట్లు తీసి లెక్కపెట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరికి కనబడకపోతే, ఆ రెండు బల్లల మధ్య నడవవలసింది ప్రజలే.

కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ నడక వెంటనే తగ్గలేదు. ప్రతి శాఖా తన లైను తానే తెప్పించుకుంది, తన యంత్రాలు తానే కొనుక్కుంది. మన పెన్నా ఆయకట్టు సంగతి తలుచుకోండి. సంగం దగ్గర నీటిని నిలిపి కనిగిరి రిజర్వాయరుకు మళ్ళించి, అక్కడి నుంచి కాలువలు, పిల్లకాలువలు, తూముల మీదుగా పొలాలకు పంపుతారు. ప్రతి రైతూ నది దాకా తన కాలువ తానే తవ్వుకోవాలంటే పొలాలన్నీ కాలువల కిందే పోతాయి, కొన్నింటిలో నీళ్ళు వృథాగా పారుతుంటే కొన్ని ఎండిపోయి ఉంటాయి. కార్యాలయాలదీ అదే లెక్క. ఖజానాకు నెల మొదట్లో రద్దీ, బడులకు జూన్‌లో రద్దీ, ఆసుపత్రికి ఏ అర్ధరాత్రి అవసరం పడుతుందో తెలియదు. అందరికీ కలిపి ఒక పెద్ద దారి వేస్తే, ఒకరు వాడని వేళ ఆ సామర్థ్యం ఇంకొకరికి పనికివస్తుంది.

ఈ ఆలోచనతోనే రాష్ట్ర రాజధాని నుంచి జిల్లా కేంద్రానికీ, అక్కడి నుంచి మండల కేంద్రానికీ సెకనుకు కనీసం 2 మెగాబిట్లు అందేలా రాష్ట్రాల ఉమ్మడి నెట్‌వర్కుల పథకాన్ని కేంద్రం 2005లో ఆమోదించింది. ఒక మెగాబైటంటే ఎనిమిది మెగాబిట్లు కనుక, ఇవాళ మీ ఫోనులో తీసే 5 మెగాబైట్ల ఫొటో ఆ దారిలో పోవాలంటే 20 సెకన్లు పడుతుంది, అది కూడా ఇంకెవరూ వాడకుంటేనే. అయినా తపాలు సంచితో పోలిస్తే అది మాకు మహాభాగ్యం. 2011లో గ్రామ పంచాయతీల దాకా ఫైబరు వేసే పథకం మంజూరైంది, దాన్నే ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నారు. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగింది. మీరు చూసినది ఆ రకం తీగే.

దాని లోపల ఉండేది గాజు పోగు. గూడూరు దగ్గర చిల్లకూరు వైపు దొరికే తెల్ల ఇసుకలోని సిలికాయే దీనికీ మూల పదార్థం, కాకపోతే దీన్ని ఎన్నో రెట్లు శుద్ధంగా తయారుచేస్తారు. పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, దాని నడుమ వెలుగు ప్రయాణించే భాగం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఆ గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, నెల్లూరు నుంచి విజయవాడ చేరడానికి సెకనులో ఐదువందవ వంతు కూడా పట్టదు.

స్తంభాల మీద వేస్తే తవ్వకం ఖర్చు మిగులుతుంది, నిజమే. కానీ మనది గాలివానల జిల్లా. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను రాత్రి, మా కార్యాలయంలో ఫోను ఎత్తితే చప్పుడే లేదు. తెల్లవారి చూస్తే స్తంభాలు వరుసగా పడుకుని ఉన్నాయి. ఏ ఊళ్ళో ఎందరు చిక్కుకున్నారో పై అధికారులకు చెప్పడానికి పోలీసుల వైర్‌లెస్ సెట్టు ఒక్కటే మిగిలింది. అందుకే ప్రతి ముఖ్య కార్యాలయానికీ రెండు వైపుల నుంచి దారి ఉండాలని, ఒక తీగ తెగితే సమాచారం రెండో వైపు తిరిగి రావాలని, నేను గట్టిగా నమ్ముతాను. వీలున్న చోట ఒకటి భూమిలో, ఒకటి స్తంభం మీద ఉంటే ఇంకా మంచిది.

ఉమ్మడి దారి అంటే అందరి కాగితాలూ అందరికీ కనబడతాయా అని పెద్దమ్మాయి అడిగింది. కనబడకూడదు. ఒకే తీగలో ఒక్కొక్క శాఖకు గోడ కట్టినట్టు విడిగా దారులు ఏర్పాటు చేయవచ్చు, ఎవరి తూముకు తాళం వారి దగ్గరే ఉంటుంది. పింఛను గుమాస్తాకు మరణం నమోదైందా లేదా అన్నది తెలిస్తే చాలు, ఆ మనిషికి ఏ జబ్బు చేసిందో తెలియనక్కరలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ వివరం తెరిచారో యంత్రంలో నమోదై ఉండాలి. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది.

నన్నడిగితే తీగ వేయడం కన్నా పేర్లు కుదుర్చుకోవడం కష్టం. కొత్తపాలెం అనే ఊళ్ళు మన ప్రాంతంలో ఒకటి కాదు, రెండు కాదు. అందుకే ప్రతి ఊరికీ ఒక అంకె ఇచ్చి, అన్ని శాఖలూ ఆ అంకెనే వాడాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. అలా పైన జిల్లా పేరు మారినా, ఊరి అంకె చెక్కుచెదరకపోతే పాత రికార్డు దొరుకుతుంది. ఇక పూడిక తీయని కాలువలాగే, చూసుకునేవాళ్ళు లేని నెట్‌వర్కూ రెండేళ్ళకే మూలపడుతుంది. బ్యాటరీలు మార్చడానికీ, తెగిన తీగ అతకడానికీ ఏటా డబ్బు కేటాయించాలి, పిలిస్తే పలికే మనిషిని దగ్గరలో పెట్టాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు మన ఊరి సచివాలయానికి తీసుకువెళతాను. లోపల గోడకు పచ్చ దీపాలు మినుకుమినుకుమనే చిన్న పెట్టె ఉంటుంది. దానిలోంచి బయటికి పోయే తీగలు రెండున్నాయో, ఒకటే ఉందో మీరే చూసి నాకు చెప్పాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య